కాల్పులు ఆగాక మొదలయ్యే జబ్బు



అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం సాగుతున్న 1860లలో ఫిలడెల్ఫియాలోని ఒక సైనిక ఆసుపత్రికి ఒకే తరహా రోగులు వరసగా రాసాగారు. ఒంటి మీద తూటా గాయం ఉండదు. కానీ నాలుగడుగులు వడిగా వేస్తే గుండె దడదడలాడుతుంది, రొమ్ములో పోటు వస్తుంది, ఆయాసం ముంచుకొస్తుంది. అర్ధరాత్రి దడ పుట్టి లేచి కూర్చుంటారు. జేకబ్ మెండెస్ డా కోస్టా అనే డాక్టరు అలాంటి సైనికులను మూడు వందల మందికి పైగా పరీక్షించాడు. చాలామంది గుండెలో చెప్పుకోదగ్గ లోపమేదీ ఆయనకు దొరకలేదు. 1871లో ఆయన తన పరిశీలనలు అచ్చు వేస్తూ దీనికి 'ఇరిటబుల్ హార్ట్' అని పేరు పెట్టాడు. చీటికీ మాటికీ రేగిపోయే గుండె అన్నమాట. అదే కాలంలో బ్రిటిష్ సైనిక వైద్యులు కొందరు ఈ దడకు కారణం బిగుతు కాలర్లనీ, రొమ్మును నొక్కేసే వీపు సంచీ పట్టీలనీ తేల్చారు. నవ్వొచ్చే మాటే గానీ వాళ్లను మరీ తీసిపారేయలేం. కనీసం ఆ జబ్బు ఒంట్లో ఉందని వాళ్లు నమ్మారు. తర్వాతి తరం ఆ నమ్మకాన్ని కూడా పోగొట్టుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఈ రోగులు రెండు వార్డుల్లోకి చీలిపోయారు. దడ, ఆయాసం అన్నవాళ్ల కాగితాల మీద 'డిజార్డర్డ్ యాక్షన్ ఆఫ్ ది హార్ట్' అని రాసి గుండె డాక్టర్ల దగ్గరికి పంపారు. వణుకు, పీడకలలు, మాట పడిపోవడం ఉన్నవాళ్లకు 'షెల్ షాక్' అన్నారు. ఈ మాట 1915లో చార్లెస్ మయర్స్ రాసిన వ్యాసంతో వైద్య పత్రికలకెక్కింది. గుండె వార్డు నెమ్మదిగా మూతపడింది, మనసు వార్డు మిగిలింది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల గ్రంథంలో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పీటీఎస్‌డీని చేర్చింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులకు అది పెద్ద గెలుపే. కానీ ఆ గెలుపుతో పాటు ఒక పొరపాటూ స్థిరపడింది. ఇది మనసుకు సంబంధించిన జబ్బు, కాబట్టి మనసు డాక్టరు చూసుకుంటాడు, మెడ కింది భాగానికి దీనితో పనిలేదు అనే పొరపాటు. ఈ ప్రసంగంలో నా వాదన ఒక్కటే. యుద్ధం మిగిల్చిన భయం గుండెనూ రక్తనాళాలనూ రోగనిరోధక వ్యవస్థనూ కూడా దెబ్బతీస్తుంది. అందుకు సాక్ష్యం పోగుపడి చాలా ఏళ్లయింది. దాన్ని మనసు జబ్బు అని మాత్రమే రాసుకునే ఫైలు సగం ఫైలు.

అసలు ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఆపద ఎదురైనప్పుడు శరీరం చేసే ఏర్పాటు చాలా తెలివైనది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చర్మానికి వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి, కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది, గాయమైతే నెత్తురు కారిపోకుండా రక్తం తొందరగా గడ్డకట్టే స్థితికి వస్తుంది. కందకంలో ఉన్న మనిషిని ఇవన్నీ కాపాడతాయి. ఆపద తప్పాక పది నిమిషాల్లోనో గంటలోనో అన్నీ సర్దుకోవాలి. పీటీఎస్‌డీ ఉన్న మనిషిలో ఈ సర్దుకోవడమే సరిగ్గా జరగదు. తలుపు దభాలున పడినా, పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలినా, నిద్రలో పాత దృశ్యం తిరిగొచ్చినా ఏర్పాటంతా మళ్లీ మొదలవుతుంది. మామూలు మనిషికి రాత్రి నిద్రలో రక్తపోటు పది ఇరవై శాతం తగ్గుతుంది. రక్తనాళాలకు అదే విశ్రాంతి. పీడకలలతో నాలుగుసార్లు లేచేవాడికి ఆ విశ్రాంతి ఎక్కడిది? కార్టిసాల్ సంగతి ఇంకా చిత్రం. ఒత్తిడి హార్మోను కదా, ఈ రోగుల్లో ఎక్కువగా ఉంటుందని అందరూ అనుకున్నారు. 1980లలో వియత్నాం సైనికుల మూత్రాన్ని పరీక్షిస్తే తక్కువగా కనిపించింది. తర్వాతి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు గానీ, చాలావాటిలో అదే ధోరణి తేలింది. వాపును అణచడం కార్టిసాల్ చేసే పనుల్లో ఒకటి. ఆ బ్రేకు సరిగా పడకపోతే ఒంట్లో సన్నని సెగ ఆరకుండా ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. వీళ్లు పుట్టుకతోనే పిరికివాళ్లేమో, గుండె మొదటినుంచీ అలాంటిదేమో, యుద్ధం మీద నెపం ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు కవలల దగ్గర దొరికింది. వియత్నాం యుద్ధకాలంలో అన్నదమ్ములిద్దరూ సైన్యంలో పనిచేసిన కవలల జతలు సుమారు ఏడు వేలు అమెరికాలో ఒక రిజిస్టరులో నమోదై ఉన్నాయి. ఇద్దరూ సైన్యంలో ఉన్నారు గానీ చాలా జతల్లో ఒకడు యుద్ధరంగం చూశాడు, రెండోవాడు చూడలేదు. ఆ రిజిస్టరు నుంచి ఒకే అండం నుంచి పుట్టిన కవలలను సుమారు వంద జతలు పిలిచి, 2003లో వెలువడిన ఒక పరిశోధనలో చిన్న పరీక్ష చేశారు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒంటికి తీగలు అతికించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, హఠాత్తుగా 95 డెసిబెల్స్ శబ్దం వినిపించారు. ఉండేది అర సెకను. ఆగి, మళ్లీ. ఎవరికైనా మొదటిసారి గుండె ఉలిక్కిపడుతుంది, అయిదో సారికో ఆరో సారికో అలవాటు పడుతుంది. పీటీఎస్‌డీ ఉన్న సైనికుల గుండె మాత్రం ప్రతిసారీ ఎక్కువగానే ఎగిరింది. అవే జన్యువులతో, అదే తల్లి పెంపకంలో పెరిగి, యుద్ధం చూడని సోదరుడి గుండె అలా ఎగరలేదు. అంటే ఈ ఉలికిపాటు పుట్టుకతో వచ్చింది కాదు, అక్కడ నేర్చుకున్నది. యుద్ధం ముగిసి పాతికేళ్లు దాటాక కూడా ఆ పాఠాన్ని గుండె వదిలిపెట్టలేదు. నిజాయితీగా రెండో వైపూ చెప్పాలి. ఇలాంటి కవలల మీదే 2002లో చేసిన మరో పరిశోధనలో, మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం పీటీఎస్‌డీ ఉన్నవాడిలోనే కాదు, యుద్ధానికి వెళ్లని అతని కవల సోదరుడిలో కూడా చిన్నదిగానే ఉంది. అంటే కొంత బలహీనత ముందే ఉండొచ్చు. పొడి కట్టెలకు నిప్పు త్వరగా అంటుకుంటుంది, సరే. నిప్పు పెట్టిందెవరన్న ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

ఉలికిపాటు వేరు, గుండెజబ్బు వేరు అంటారా? అదే రిజిస్టరు నుంచి 281 జతల కవలలను సుమారు 13 ఏళ్లు గమనించి, 2013లో వయోలా వక్కరీనో బృందం ఫలితాలు ప్రకటించింది. పీటీఎస్‌డీ ఉన్నవారిలో 22.6 శాతం మందికి గుండెకు రక్తం అందించే నాళాల జబ్బు వచ్చింది, లేనివారిలో 8.9 శాతం మందికి. కవలల్లో ఒకడికి పీటీఎస్‌డీ ఉండి రెండోవాడికి లేని జతలను మాత్రమే తీసుకుంటే తేడా తగ్గింది గానీ పోలేదు. 22.2 శాతం, 12.8 శాతం. ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మరొకటి. పీటీఎస్‌డీ ఉన్నవాడు ఆసుపత్రికి ఎక్కువసార్లు వెళతాడు, వెళ్లినవాడికే జబ్బు బయటపడుతుంది, వెళ్లనివాడి జబ్బు లెక్కలోకి రాదు అని ఒక అభ్యంతరం ఎప్పుడూ ఉంటుంది. పింఛను కోసం నొప్పి నటిస్తారనే ఎత్తిపొడుపు ఎటూ ఉండనే ఉంది. అందుకని పరిశోధకులు, ఎవరు ఏ ఫిర్యాదు చేశారన్నదానితో నిమిత్తం లేకుండా, స్కానింగులో గుండె కండరానికి రక్తం ఎంత అందుతోందో కొలిచారు. పీటీఎస్‌డీ ఉన్నవారిలో అది తక్కువగానే తేలింది. దడ వస్తోందని అబద్ధం చెప్పొచ్చేమో గానీ, గుండె కండరానికి వెళ్లే రక్తాన్ని ఎవరూ తలచుకుని తగ్గించుకోలేరు.

వియత్నాం అనగానే ఏజెంట్ ఆరెంజ్ గుర్తొస్తుంది. అడవుల ఆకులు రాల్చడానికి విమానాల నుంచి చల్లిన ఆ విషమే గుండెజబ్బుకు కారణం కావచ్చు గదా? కావచ్చు. అమెరికా ప్రభుత్వం 2010లో గుండెజబ్బునూ, 2022 చట్టంతో అధిక రక్తపోటునూ ఏజెంట్ ఆరెంజ్ వల్ల వచ్చినట్టుగా భావించే జాబితాలో చేర్చింది కూడా. అయితే బాస్టన్‌లో 1960లలోనే మొదలైన మరో దీర్ఘకాల అధ్యయనం ఉంది. అందులోని మాజీ సైనికులు చాలావరకు రెండో ప్రపంచ యుద్ధం, కొరియా యుద్ధం నాటివారు. వాళ్ల తలల మీద ఎవరూ ఆ విషం చల్లలేదు. లారా కుబ్జాన్‌స్కీ బృందం వాళ్లలో 1,946 మందిని గమనించి 2007లో రాసిన ప్రకారం, పీటీఎస్‌డీ లక్షణాలు ఒక్కో మెట్టు పెరిగినకొద్దీ గుండెపోటు, గుండెజబ్బుతో మరణం కలిపి చూస్తే ముప్పు 26 శాతం చొప్పున పెరిగింది. మెట్టు అంటే గణాంకాల భాషలో ఒక ప్రామాణిక విచలనం. వీళ్లలో ఎక్కువమందిని రోగులనే పేరుతో పిలవలేం, లక్షణాలు కొద్దిగా ఉన్నవారే. మోతాదు పెరిగేకొద్దీ ఫలితం పెరగడాన్ని వైద్యులు ఊరికే కొట్టిపారేయరు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం అలవాట్లది. ఈ మనుషులు సిగరెట్లు తాగుతారు, మందు తాగుతారు, కదలకుండా కూర్చుని లావెక్కుతారు, గుండెజబ్బు రాక ఏమవుతుంది అంటారు. దీనికి రుజువులు కూడా ఉన్నాయి. అమెరికా మాజీ సైనికుల రికార్డులతో జెఫ్రీ షెరర్ బృందం 2019లో చేసిన లెక్కలో పొగ, ఊబకాయం, నిద్రలేమి, కుంగుబాటు, షుగర్, బీపీ లాంటివన్నీ కలిపి పక్కన పెడితే పీటీఎస్‌డీకీ గుండెజబ్బుకూ మధ్య నేరుగా మిగిలే సంబంధం దాదాపు లేదు. వక్కరీనో కవలల్లో అలవాట్లను లెక్కలోంచి తీసేసినా సంబంధం నిలబడింది. రెండూ మంచి పరిశోధనలే, ఇక్కడ పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కానీ షెరర్ లెక్కే నిజమనుకుందాం, వాదన కూలిపోతుందా? నా ఉద్దేశంలో కూలిపోదు. గోదావరి వరద ఊళ్లోకి గండి గుండానే వస్తుంది. గండి వల్ల వచ్చింది గాబట్టి వరద కారణం కాదని ఎవరూ అనరు. నిద్రపట్టని మనిషి తెల్లవారుజామున మూడు గంటలకు సిగరెట్టు ముట్టించేది సరదాకు కాదు. ఆ సిగరెట్టు ఎక్కడ అలవాటైందో కూడా చూడాలి. వియత్నాంలో సైనికుడికిచ్చే ఆహారం డబ్బాలతో పాటు వచ్చే చిన్న ప్యాకెట్లో కాఫీ పొడి, చక్కెర, అగ్గిపుల్లలు, టాయిలెట్ కాగితం, వాటితో బాటు నాలుగు సిగరెట్లు ఉండేవి. పూటకు నాలుగు, ప్రభుత్వం ఖర్చు మీద. పద్దెనిమిదేళ్ల కుర్రవాడి చేతికి వాటిని ఇచ్చి, యాభై ఏళ్లకు గుండెపోటు వస్తే 'నీ అలవాట్ల వల్లే' అనడం ఏం న్యాయం?

గుండె దగ్గర ఇంతసేపు ఆగింది అక్కడ సాక్ష్యం దట్టంగా ఉంది గనుక. మిగతావి త్వరగా చెబుతాను. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల నుంచి వచ్చిన 6,66,269 మంది రికార్డులను పరిశీలించి 2015లో వెలువడిన అధ్యయనంలో, మానసిక సమస్య ఏదీ లేనివారితో పోలిస్తే పీటీఎస్‌డీ ఉన్నవారికి థైరాయిడ్ వాపు, కీళ్లవాతం, లూపస్ లాంటి ఆటో ఇమ్యూన్ జబ్బుల ముప్పు రెండింతలు. పీటీఎస్‌డీ కాక వేరే మానసిక సమస్యలు ఉన్నవారితో పోల్చినా ఒకటిన్నర రెట్లు. అంటే దిగులు, ఆందోళన మాత్రమే ఉన్నవారిలో లేనిదేదో ఇందులో ఉంది. 55 ఏళ్లు దాటిన 1,81,093 మంది మాజీ సైనికులను ఏడేళ్ల పాటు గమనించి 2010లో ప్రకటించిన మరో అధ్యయనంలో డిమెన్షియా, అంటే జ్ఞాపకమూ తెలివిడీ క్షీణించే జబ్బు, పీటీఎస్‌డీ ఉన్నవారిలో 10.6 శాతం మందికి, లేనివారిలో 6.6 శాతం మందికి వచ్చింది. షుగర్ విషయంలో మాత్రం సంబంధం చాలావరకు ఒంటి బరువు గుండానే నడుస్తోందని తేలింది.

ఇన్ని అంకెలు విన్నాక యుద్ధానికి వెళ్లొచ్చిన ప్రతి మనిషినీ రోగిలా చూసే ప్రమాదం ఉంది. అది తప్పు. 1980ల చివర్లో అమెరికా కాంగ్రెస్ ఆదేశం మీద జరిగిన సర్వేలో వియత్నాం వెళ్లొచ్చిన మగవారిలో అప్పటికి పీటీఎస్‌డీ ఉన్నవారు 15.2 శాతం. అంటే ప్రతి ఆరుగురిలో అయిదుగురికి అప్పటికి అది లేదు. ఉన్నవారికైనా ఇది తలరాత కాదు. చికిత్సతో పీటీఎస్‌డీ లక్షణాలు బాగా తగ్గిన మాజీ సైనికుల్లో షుగర్ వచ్చే ముప్పు, తగ్గనివారితో పోలిస్తే 49 శాతం తక్కువగా ఉందని షెరర్ బృందమే 2019లో మరో వ్యాసంలో రాసింది. వీళ్లను లాటరీ వేసి రెండు జట్లుగా విడదీయలేదు గనుక చికిత్సే కారణమని ఖాయంగా అనలేం. అలా జట్లుగా విడదీసి చేసే పరీక్షల్లో ఆశలు కూలిన సందర్భాలూ ఉన్నాయి. ప్రాజోసిన్ అనే పాత బీపీ మాత్ర పీడకలలను తగ్గిస్తుందని ఏళ్ల తరబడి నమ్మారు. 2018లో 304 మంది మీద జరిగిన పెద్ద పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేయలేదు. మాత్ర గెలవకపోయినా, జరిగినదాన్ని డాక్టరు సమక్షంలో క్రమంగా ఎదుర్కొనేలా చేసే మాటల చికిత్సలకు బలమైన ఆధారాలున్నాయి. వాటిని గుండె మందులతో పాటు ఇవ్వాలి, బదులుగా కాదు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనుకోవడానికి లేదు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అనే ఊరి పేరే చెబుతుంది, మన దగ్గర ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లిన పల్లెలున్నాయని. మన సైన్యంలో ఒక జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా అన్నదాని మీద డిజెబిలిటీ పింఛను ఆధారపడుతుంది. సైనిక వైద్యాధికారుల కోసం 2008లో వచ్చిన మార్గదర్శక గ్రంథం ప్రకారం, గుండెపోటు విషయంలో మెడికల్ బోర్డు ముఖ్యంగా చూసినవాటిలో ఒకటి, జబ్బు బయటపడటానికి ముందు 14 రోజులు ఆ మనిషి ఏ డ్యూటీలో ఉన్నాడన్నది. పద్నాలుగు రోజులు! పాతికేళ్ల తర్వాత కూడా శబ్దానికి ఎగిరిపడే గుండెను పద్నాలుగు రోజుల డ్యూటీ చార్టుతో కొలవడం ఎలా కుదురుతుంది? 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చేరేనాటికి రికార్డులో లేని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్లే వచ్చిందని భావించాలనీ, కాదని చూపాల్సిన భారం ప్రభుత్వానిదేననీ చెప్పింది. 2023లో నిబంధనలు మళ్లీ మారాయి. బీపీ, షుగర్ లాంటి జీవనశైలి జబ్బుల పేరుతో పింఛన్లు పెరిగిపోతున్నాయన్న ఆందోళన దాని వెనక ఉంది, అది ఉత్త అనుమానం కాదు. ఆఫీసు కుర్చీలో పెరిగిన బొజ్జనూ, కొండల మీద గస్తీలో పెరిగిన రక్తపోటునూ ఒకే గాటన కట్టకూడదు. కానీ ఆ రెంటినీ విడదీయాలంటే మనిషి ఏం చూశాడో, రాత్రిళ్లు ఎలా నిద్రపోతున్నాడో అడగాలి. పదవీ విరమణ రోజున ఈసీజీ, రక్త పరీక్షలతో పాటు పీటీఎస్‌డీ ప్రశ్నలు కూడా అడిగి డిశ్చార్జి కాగితాల్లో రాస్తే, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే తగవుల్లో సగం తేలిపోతాయి. అమెరికాలో ప్రాథమిక వైద్యులు వాడే ప్రశ్నావళిలో ప్రశ్నలు అయిదే. అడగడానికి రెండు నిమిషాలు చాలు.

నిబంధనలు మారేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. మీ ఇంట్లో మాజీ సైనికుడు ఉండి, బీపీకో గుండెకో మందులు వాడుతుంటే, ఈసారి మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కు వెళ్లినప్పుడు మాత్రల చీటీతో పాటు మరో మూడు సంగతులు డాక్టరుకు చెప్పండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా, ఏ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతున్నారు. ఆయన చెప్పరు. నలభై ఏళ్లుగా చెప్పని మనిషి ఇప్పుడు చెబుతారా? పక్కన కూర్చున్న మీరే చెప్పాలి. చెప్పడానికి ఎవరూ దొరక్కపోతే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. సైనికుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగాన్ని 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాలలో తెరిచారు కూడా. నంబరు రాసుకోండి. 14416.